దిగులుకు కాలేయంతో సంబంధం ఏమిటి? చైనా వైద్యం తెలిసినవారు చెప్పగలరు

నాన్‌జింగ్‌లో ఎంబీబీఎస్ చదువుతున్న మా చెల్లెలు కొన్నాళ్లుగా దేనిమీదా ఆసక్తి లేక, మాటిమాటికీ నిట్టూరుస్తూ, గొంతులో ఏదో అడ్డుపడినట్లుందని చెబుతుంటే, అక్కడి సంప్రదాయ వైద్యుడు నాలుక చూసి, రెండు మణికట్టుల వద్దా మూడు వేళ్లతో నాడి పట్టి, కాలేయపు 'చి' (ప్రాణశక్తి) స్తంభించిందని షియావ్‌యావ్ అనే మూలికా మాత్రలు రాశారు. గొంతులోని ఆ అడ్డును వారు 'ప్లమ్ గింజ చి' అంటారట. ఆ పోలిక ఆమె బాధకు అచ్చంగా సరిపోయింది.

పాతకాలపు చైనా వైద్యుడు జూ దాన్‌షీ (1281–1358) చి, రక్తం, కఫం, తేమ, వేడి, ఆహారం అనే ఆరు స్తంభనలను చెప్పారని చదివాను. అయితే దుఃఖాన్ని ఊపిరితిత్తులకు, కోపాన్ని కాలేయానికి ముడిపెట్టే ఈ వైద్యం దిగులుకు మూలాన్ని కాలేయంలో ఎందుకు వెతుకుతుందో దయచేసి వివరించగలరా? సైకియాట్రిస్టు దిగులుకు ఇచ్చిన సెర్ట్రలిన్ మందును మానవద్దని ఆమెకు గట్టిగా చెప్పాను. దానితో కలిపి ఈ మూలికలు వాడవచ్చో లేదో వైద్యులెవరైనా తెలిపితే ఎంతో రుణపడి ఉంటాను.