క్రాక్ ప్లగిన్లతో డబ్బు తీసుకుని రికార్డింగ్ చేయడం సబబేనా?

పాతటేపు:
నిన్న ఒక గాయని వేరే స్టూడియోలో చేయించుకున్న పాట తాలూకు కంప్యూటర్ ఫైలును, అంటే సెషన్‌ను, నా దగ్గరికి తెచ్చారు. తెరిస్తే వాద్యాల ట్రాకులు సగం మూగబోయాయి. మిడి నోట్లు (ఏ స్వరం ఎప్పుడు మోగాలో చెప్పే సూచనలు) ఉన్నాయి, వాటిని పలికించే ప్లగిన్లు (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు జోడించే చిన్న ప్రోగ్రాములు) నా దగ్గర లేవు. ఆ స్టూడియోకు ఫోను చేస్తే "క్రాక్ పంపిస్తాం, వేసుకోండి" అన్నారు. అంటే లైసెన్సు తాళం విరగ్గొట్టిన కాపీ. 25 ఏళ్లుగా ప్రతిదీ కొనుక్కుని పనిచేస్తున్నవాణ్ణి. దొంగ సాఫ్ట్‌వేర్‌తో వ్యాపారం చేయడం తప్పా, కాదా?

తంత్రి:
తప్పే. ఇందులో చర్చ ఏముంది?

మూడోఫేడర్:
"దొంగ" అన్న మాట సరికాదు. దొంగతనం జరిగితే సొంతదారు చేతిలోంచి వస్తువు పోవాలి. ఇది కాపీరైటు ఉల్లంఘన. రెండూ ఒకటి కావు. కొనుక్కున్నవారికి మాత్రం ఏం భద్రత ఉంది? 2023 మార్చిలో వేవ్స్ అనే ప్లగిన్ల కంపెనీ శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపి, ఇకపై చందా మాత్రమే అంది. వాడకందారులు తిరగబడితే కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. తిరగబడకపోతే?

పాతటేపు:
బాబూ, నేను అడిగింది కంపెనీల సంగతి కాదు. డబ్బు లేదంటే దారులు ఉన్నాయి. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ను 60 రోజులు పూర్తిగా వాడి చూడవచ్చు, తక్కువ ఆదాయం ఉన్నవారికి తగ్గింపు లైసెన్సు ఇస్తారు. అలాంటిదే ఆర్డర్ (Ardour), అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. సింథసైజర్ ప్లగిన్ కావాలంటే సర్జ్ ఎక్స్‌టీ ఉచితం.

మూడోఫేడర్:
నన్ను బాబూ అనకండి. "దొంగ" గురించి నేను అన్నదానికి ఇంకా జవాబు రాలేదు. పైగా వచ్చే సెషన్లు ప్రో టూల్స్ అనే మరో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి. రీపర్ వాటిని నేరుగా తెరవదు.

శ్రుతిబాక్స్:
ఆ వాద్యాలన్నిటినీ ఆడియోగా మార్చి పంపమంటే సరిపోయేది కదా?

పాతటేపు:
అడిగాను. "మాకు తీరిక లేదు" అన్నారు. ఆ స్టూడియో ఇంతకుముందు నా రేటులో సగానికి చేస్తామని నా ఆల్బమ్ ఒకటి ఎగరేసుకుపోయింది. సాఫ్ట్‌వేర్ ఖర్చు లేనివాళ్లతో నేను ఎలా పోటీపడాలి? దాన్ని దొంగతనం అనక ఇంకేమనాలి? మీరు మాటలు పట్టుకుని వేలాడుతున్నారు.

మూడోఫేడర్:
వేలాడుతున్నాను, ఎందుకో చెబుతాను. మూడేళ్లు ఒక స్టూడియోలో సహాయ ఇంజినీరుగా చేశాను. మైకులు, గది, స్పీకర్లు యజమానివి. ల్యాప్‌టాప్ మాత్రం నాది. "ప్లగిన్లు నువ్వే చూసుకో" అన్నారు. నా జీతంతో అవి కొనలేనని ఆయనకు తెలుసు. ఒక కంపెనీ నుంచి లైసెన్సుల గురించి ఉత్తరం వచ్చిన రోజున "ఆ కంప్యూటర్ మాది కాదు" అని రాసిచ్చి, నన్ను నెల జీతం ఇవ్వకుండా పంపేశారు. పాటకు వచ్చిన డబ్బు ఆయనది, దొంగ అన్న పేరు నాది.

తంత్రి:
ఈ సంగతి మొదటే చెప్పి ఉండాల్సింది.

పాతటేపు:
మీకు జరిగింది అన్యాయం. అయినా ఇంజినీరు పనిముట్లు ఇంజినీరువే. వయొలిన్ విద్వాంసుడికి స్టూడియో వయొలిన్ కొనిపెడుతుందా?

మూడోఫేడర్:
విద్వాంసుడు తన వయొలిన్‌ను ప్రతి కచేరీకి పట్టుకెళ్తాడు, దానిమీద తన పేరుతో సంపాదిస్తాడు. మీ గాయని సెషన్ తెరవడానికి కావలసిన ప్లగిన్ నాకు దేనికి? మీ దగ్గర పనిచేసేవారు ఎవరి ల్యాప్‌టాప్ వాడుతున్నారు?

పాతటేపు:
ఒక అబ్బాయి ఉన్నాడు. తన ల్యాప్‌టాపే వాడతాడు.

మూడోఫేడర్:
అందులో ఏముందో ఎప్పుడైనా చూశారా?

పాతటేపు:
లేదు. రేపు అడుగుతాను. లైసెన్సు లేనివి ఉంటే తీయించేస్తాను, అందులో మార్పు లేదు. వాటి బదులు ఎవరు కొనాలన్నది అతనితో మాట్లాడాలి.

శ్రుతిబాక్స్:
ఇంతకీ ఆ గాయని పాట?

పాతటేపు:
గొంతు ట్రాకు చక్కగా ఉంది. మిగిలినవన్నీ మళ్లీ వాయిస్తున్నాం.