మ్యాచ్ మధ్యలో కదలకుండా ఉండిపోయే ప్లేయర్‌కి శిక్ష వేయాలా? లీగ్ రూల్స్ కోసం అడుగుతున్నా

గవర్నర్‌పేట_మిడ్:
విజయవాడ, గుంటూరు కుర్రాళ్లతో కౌంటర్ స్ట్రైక్ 2 (ఐదుగురేసి రెండు టీములు ఆడే తుపాకుల ఆట) వీకెండ్ లీగ్ మొదలుపెడుతున్నాం. ఎనిమిది టీములు, సొంత సర్వర్. రూల్స్ అన్నీ కుదిరాయి కానీ ఏఎఫ్‌కే (ఆట మధ్యలో కీబోర్డు వదిలేయడం) దగ్గర పీటముడి పడింది. మ్యాచ్‌లో ఉండి ఆడనివాణ్ని వెంటనే బ్యాన్ చేయాలని కొందరి పట్టు. ఎండాకాలం సాయంత్రం కరెంటు పోతే కుర్రాడి తప్పేంటని మిగతావాళ్ల వాదన. కావాలని ఆగినవాణ్ని, లైను పోయినవాణ్ని సర్వర్ దగ్గర ఎలా వేరు చేస్తారు? శిక్ష ఎంత ఉంటే న్యాయం?

కృష్ణలంక_యాంకర్:
శిక్ష ఉండాల్సిందే అన్నా. ఐదుగురిలో ఒకడు ఆగిపోతే మిగతా నలుగురి సాయంత్రం పాడైపోతుంది, వాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు.

వేరు చేయడం సగం వరకే కుదురుతుంది. మెనూలోంచి బయటికి వెళ్తే సర్వర్ లాగ్‌లో ఆ క్షణమే డిస్‌కనెక్ట్ అని పడుతుంది. కరెంటు పోయినా, నెట్ పోయినా సర్వర్ కాసేపు ఎదురుచూసి టైమ్డ్ ఔట్ అని రాస్తుంది. అంతవరకు బాగానే ఉంది. కానీ ఓడిపోతున్నామని కేబుల్ పీకేసినవాడికీ టైమ్డ్ ఔట్ అనే వస్తుంది. అందుకే మనసులో ఏముందో కనిపెట్టే పని పెట్టుకోవద్దు, ఎన్నిసార్లు జరిగిందో లెక్కపెట్టండి. ఒకసారి పోతే ఏమీ అనక్కర్లేదు. వరసగా మూడు వారాలు పోతే కారణం ఏదైనా సరే, ఆ ప్లేయర్ లీగ్‌కి సిద్ధంగా లేడని అర్థం.

లక్ష్మీపురం_స్కోప్:
ఇదంతా కనెక్షన్ తెగినప్పటి మాట. కనెక్షన్ ఉండి కదలనివాడి సంగతి వేరు. అక్కడ ఆటోమేటిక్ శిక్షను నమ్మొద్దు. బి సైట్ (బాంబు పెట్టే చోట్లలో ఒకటి) కాపలా కాసేవాడు, స్నైపర్ పట్టుకున్నవాడు ఒకే మూల చూస్తూ నలభై సెకన్లు కదలకపోవడం మంచి ఆటే. మరోవైపు కంట్రోలర్ స్టిక్‌కి రబ్బరు బ్యాండ్ చుట్టో, కీని మ్యాక్రో అనే ఆటోమేటిక్ ప్రోగ్రామ్‌తో నొక్కిస్తూనో గుండ్రంగా తిరిగేవాణ్ని యంత్రం బతికున్నాడనే అనుకుంటుంది. చూడాల్సింది కదలిక కాదు, ఆటలో పాలు పంచుకున్నాడా అన్నది. డోటా 2 అనే ఆట ఇలాగే చేస్తుంది: ఐదు నిమిషాల పాటు ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు) ఏమీ రాకపోతే ఆట వదిలేసినట్టే లెక్క.

మీ సర్వర్‌లో ఎంపీ ఆటోకిక్ (కదలనివాళ్లను తనంతట తానే తీసేసే సెట్టింగ్) 0 చేయండి. అది 1లో ఉంటే టెక్నికల్ పాజ్‌లో ఊరికే కూర్చున్నవాళ్లను కూడా బయటికి నెట్టే ప్రమాదం ఉంది. దాని బదులు టీవీ ఎనేబుల్ 1, టీవీ ఆటోరికార్డ్ 1 పెట్టండి. మ్యాప్ లోడ్ అవ్వకముందే పెట్టాలి, తర్వాత పెడితే ఆ మ్యాచ్ రికార్డ్ కాదు. ఫిర్యాదు వస్తే డెమో (ఆ మ్యాచ్ రికార్డింగ్) తెరిచి ఆ ప్లేయర్ కళ్లతో రెండు రౌండ్లు చూస్తే చాలు, తెలిసిపోతుంది. బాంబు పెట్టాక కూడా స్పాన్‌లోనే (రౌండ్ మొదలైన చోటే) ఉన్నాడా, తుపాకీ కొన్నాడా, చప్పుడు వచ్చిన వైపు తిరిగాడా అన్నవి చూడండి.

రిపోర్టుల సంఖ్యను బట్టి మాత్రం శిక్ష వేయకండి. నలుగురు స్నేహితులు ఐదోవాడి మీద కలిసి రిపోర్ట్ కొట్టడం ప్రతి ఆటలోనూ ఉన్నదే.

సత్యనారాయణపురం_05:
శిక్ష మోతాదు గురించి. ఈ ఆట తయారుచేసిన వాల్వ్ కాంపిటీటివ్ మ్యాచ్‌లకు వాడిన మెట్లు బాగుంటాయి: మొదట 30 నిమిషాలు, తర్వాత 2 గంటలు, 24 గంటలు, 7 రోజులు. తప్పు చేయకుండా వారం గడిస్తే ఒక మెట్టు దిగుతుంది. ఆ దిగడమే ముఖ్యం, లేదంటే ఏడాది కిందటి కరెంటు కోత ఇవాళ్టికీ మెడకు చుట్టుకునే ఉంటుంది. వారానికి ఒక మ్యాచ్ లీగ్ కాబట్టి మీరు గంటల్లో కాకుండా మ్యాచ్‌ల్లో లెక్కేయండి: మొదటిసారి హెచ్చరిక, రెండోసారి ఒక మ్యాచ్, మూడోసారి మూడు మ్యాచ్‌లు. రెండు నెలలు శుభ్రంగా ఆడితే ఒక మెట్టు కిందికి. డెమోలో కావాలనే ఆగినట్టు తేలితే హెచ్చరిక మెట్టు ఉండదు.

డోటా 2లో లాగా లో ప్రయారిటీ కొలను పెట్టొద్దు. అక్కడ నిర్ణీత సంఖ్యలో ఆటలు గెలిస్తేనే బయటపడతారు, పక్కనుండేవాళ్లందరూ శిక్షలో ఉన్నవాళ్లే. ఎనిమిది టీముల లీగ్‌లో అలా విడదీయడానికి మనుషులెక్కడ సరిపోతారు?

గవర్నర్‌పేట_మిడ్:
మెట్ల పద్ధతి నచ్చింది బ్రదర్, అదే రాస్తాం. మరి నిజంగానే లైను పోయినప్పుడు ఎంతసేపు ఆగాలి? ఐదు నిమిషాలు అనుకుంటున్నాం.

కృష్ణలంక_యాంకర్:
ఐదు చాలదు. కరెంటు వెంటనే వచ్చినా ఫైబర్ బాక్స్‌లో పాన్ లైట్ (ఫైబర్ లైను కలిసిందని చూపేది) నిలకడగా వెలగడానికే రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆపైన సిస్టమ్ ఆన్ అవ్వాలి, స్టీమ్ రావాలి, మ్యాప్ లోడ్ అవ్వాలి. ఎనిమిది నిమిషాలు ఇవ్వండి, టీముకి మ్యాచ్‌లో ఒక్కసారే. అప్పటికీ రాకపోతే సబ్‌స్టిట్యూట్, లేదా నలుగురితోనే ఆట.

జరుగుతున్న రౌండ్‌ను మధ్యలో ఆపలేరు. సర్వర్‌లో ఎంపీ పాజ్ మ్యాచ్ అనే కమాండ్ కొడితే తర్వాతి ఫ్రీజ్ టైమ్‌లో (రౌండ్ మొదట్లో ఎవరూ కదలలేని కొద్ది సెకన్లలో) ఆగుతుంది. ఎవరికీ డ్యామేజ్ తగలకముందే మనిషి పడిపోయి ఉంటే రౌండ్ బ్యాకప్ ఫైల్ ఎక్కించి ఆ రౌండ్ మళ్లీ ఆడించండి, డబ్బులూ తుపాకులూ యథాతథంగా వస్తాయి. డ్యామేజ్ తగిలాక మాత్రం రౌండ్ ఫలితం ఫలితమే, లేకపోతే ఓడే రౌండ్లలోనే కరెంటు పోతుంది.

లక్ష్మీపురం_స్కోప్:
రూల్స్‌లో ఒక్క లైను చేర్చండి: రూటర్‌కి బ్యాకప్ ఉండాలని. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో వెనక ఉండే స్విచ్‌ను యూపీఎస్ మోడ్‌లో పెట్టమనండి. మామూలు మోడ్‌లో బ్యాటరీకి మారే ఆ చిన్న విరామానికే సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది. యూపీఎస్ మోడ్‌తో చిక్కేంటంటే, వోల్టేజీ బాగా తగ్గితే కరెంటు ఉన్నా బ్యాటరీ మీదికి వెళ్తుంది, బ్యాటరీ త్వరగా దిగుతుంది. ఇన్వర్టర్ లేనివాళ్లు 600 వీఏ యూపీఎస్ కొని గేమింగ్ సిస్టమ్ తగిలిస్తే నిలవదు, అది సాధారణంగా 360 వాట్ల దాకానే మోస్తుంది. అలాంటివాళ్లు కనీసం రూటర్‌కి మినీ యూపీఎస్ పెట్టుకుని ల్యాప్‌టాప్‌లో ఆడొచ్చు. కొనేముందు అడాప్టర్ మీద 12 వోల్టులేనా, ఎన్ని ఆంపియర్లు అన్నది చదవమనండి. ఫైబర్ బాక్స్, వైఫై రూటర్ విడివిడిగా ఉంటే రెండింటికీ సరఫరా కావాలి. ఒక్క రూటర్‌కే పెట్టుకుంటే వైఫై గుర్తు కనిపిస్తుంది కానీ నెట్ ఉండదు.