ఆమ్ల, క్షార సమీకరణాలను తుల్యం చేయడంలో సందేహం

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
పదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి ఇంట్లో రసాయన శాస్త్రం నేనే చెబుతున్నాను. అల్యూమినియం హైడ్రాక్సైడ్, సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిస్తే అల్యూమినియం సల్ఫేట్, నీరు ఏర్పడతాయని తనకు తెలుసు. కాని రెండు వైపులా లెక్క సరిపెట్టడానికి నీటి ఫార్ములాలోనే అంకెలు మార్చేస్తోంది. అది ఎందుకు తప్పో, ఊహతో పని లేకుండా గుణకాలు కనుక్కోవడం ఎలాగో తెలిసినవారు దయచేసి వివరించండి.

జవాబు (రాయగడ నుంచి):
ఫార్ములాలో కింద వేసే అంకె అది ఏ పదార్థమో చెబుతుంది, ముందు వేసే గుణకం అది ఎంత ఉందో చెబుతుంది. నీటిలో ఆక్సిజన్ పక్కన 2 చేర్చారంటే అది ఇక నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్ అవుతుంది. ఈ ఒక్క ఉదాహరణ చూపితే మీ అమ్మాయి మళ్ళీ ఆ అంకెల జోలికి పోదని నా నమ్మకం.

ఇక పద్ధతి. ఆమ్లం ఇచ్చే ఒక హైడ్రోజన్ అయాన్, క్షారం ఇచ్చే ఒక హైడ్రాక్సైడ్ అయాన్ కలిసి ఒక నీటి అణువు అవుతుంది కనుక, ఆ రెండింటి సంఖ్యలను సమానం చేస్తే చాలు. సల్ఫ్యూరిక్ ఆమ్లం 2 ఇస్తుంది, అల్యూమినియం హైడ్రాక్సైడ్ 3 ఇస్తుంది, వాటి క.సా.గు. 6. కాబట్టి ఆమ్లానికి 3, క్షారానికి 2, నీటికి 6 గుణకాలవుతాయి. మిగిలిన 2 అల్యూమినియం, 3 సల్ఫేట్ అయాన్లు కలిసి ఒకే లవణ ప్రమాణమవుతాయి. సల్ఫేట్‌ను విడగొట్టకుండా ఒకే ముద్దగా లెక్కించండి. చివరగా ఆక్సిజన్‌ను సరిచూస్తే రెండు వైపులా 18 వస్తాయి.

ప్రశ్న అడిగినవారు:
చాలా స్పష్టంగా ఉంది, ధన్యవాదాలు. ఇదే పద్ధతిని వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లానికి వాడితే, అందులో 4 హైడ్రోజన్లున్నాయి కదా అని అమ్మాయి 4 సోడియం హైడ్రాక్సైడ్‌లు వేసింది. అది సరైనదేనా?

జవాబు (బరంపురం నుంచి):
సరి కాదండీ. ఎసిటిక్ ఆమ్లంలో ఆక్సిజన్‌ను అంటిపెట్టుకున్న ఒక్క హైడ్రోజన్ మాత్రమే అయాన్‌గా విడిపోతుంది, కార్బన్‌కు కట్టుబడిన మూడూ కదలవు. అందువల్ల ఒకటికి ఒకటే సరిపోతుంది. ఫార్ములాలో ఎన్ని హైడ్రోజన్లున్నాయని కాక, ఎన్ని విడిపోతాయని అడగడం అలవాటు చేయండి.

మరొక జాగ్రత్త కూడా చెప్పాలి. చాకలి సోడా, అంటే సోడియం కార్బొనేట్‌లో హైడ్రాక్సైడ్ లేదు. దానితో హైడ్రోక్లోరిక్ ఆమ్లం చర్య జరిపినప్పుడు ఉప్పు, నీటితో పాటు కార్బన్ డయాక్సైడ్ కూడా వస్తుంది కనుక, పై పద్ధతిని పక్కనపెట్టి పరమాణువులను ఒక్కొక్కటిగా లెక్కించాలి. అప్పుడు ఆమ్లానికి 2, ఉప్పుకు 2, మిగిలినవాటికి ఒక్కొక్కటి వస్తాయి.