ఒకే సెక్షనా, పక్క సెక్షనా? ఫ్లోరోసెన్స్, ఇన్‌ఫ్రారెడ్ కలిపి చూడటంపై చర్చ

తిరుపతి పీహెచ్‌డీ: మెదడు కణజాలంలో అమిలాయిడ్ (తప్పుగా మడతపడి పేరుకున్న ప్రోటీన్) ముద్దలను ఫ్లోరోసెన్స్‌లోనూ (వెలిగే రంగు వేసి), ఇన్‌ఫ్రారెడ్‌లోనూ చూడాలి. రెండూ ఒకే సెక్షన్ (కణజాలం నుంచి తీసిన పలుచటి కోత) మీద చేయాలా, పక్కపక్క సెక్షన్ల మీద చెరొకటి చేయాలా అని మా ల్యాబ్‌లో వాదన నడుస్తోంది. నేను ఒకే సెక్షన్ అంటాను. ముద్ద ఎక్కడుందో రంగు చూపిస్తుంది. అందులో ప్రోటీన్ ఎలా మడత పడిందో ఇన్‌ఫ్రారెడ్ చెప్తుంది. మామూలుగా తరంగ సంఖ్య (సెంటీమీటరుకు ఎన్ని తరంగాలు) 1650 దగ్గరుండే ప్రోటీన్ శిఖరం, అది బీటా షీట్‌గా (చదునైన పట్టీల్లా మడతపడి) పేరుకుంటే 1630కి కాస్త అటూఇటుగా దిగుతుంది. ఈ రెండూ ఒకే ముద్ద గురించి కాకపోతే ఏం లాభం?

పాథాలజీ ల్యాబ్ అక్క: మేం రోజూ వాడేది గాజు స్లైడు నాయనా. ఆ 1650 ప్రాంతాన్ని గాజే మింగేస్తుంది. దాన్ని మింగని కాల్షియం ఫ్లోరైడ్ స్లైడు కావాలంటే ఖర్చు. పైగా రంగుకీ, కవర్‌స్లిప్ అంటించే జిగురుకీ సొంత శిఖరాలుంటాయి. పక్క సెక్షనే నయం.

తిరుపతి పీహెచ్‌డీ: పోయిన కార్తీకంలో అలాగే చేశానక్కా. బయట ముసురు, లోపల నీటి ఆవిరి గీతలు స్పెక్ట్రమ్ నిండా. ఆ ఆవిరిని తరమడానికి నైట్రోజన్ పెట్టి, గంటలు కూర్చొని తీశాను. తీరా రెండు బొమ్మలూ ఒకదానిమీద ఒకటి పెడితే పెద్ద రక్తనాళం సరిగ్గా కలిసింది, నేను వెతికిన చిన్న ముద్ద మాత్రం రెండో దాంట్లో లేనేలేదు. సెక్షన్ మందం 10 మైక్రాన్లు, ముద్ద అంతకన్నా చిన్నది. అది పక్క సెక్షన్‌లోకి ఎలా వస్తుంది? అందుకే రంగు వేయకముందే ఇన్‌ఫ్రారెడ్ తీసేయాలి. దానివల్ల కణజాలానికేం కాదు. తర్వాత అదే సెక్షన్‌కు రంగు వేసుకోవచ్చు.

ఫిజిక్స్ సార్: వరస బాగుంది. కానీ 1650 అంటే తరంగదైర్ఘ్యం 6 మైక్రాన్లు. మామూలు ఇన్‌ఫ్రారెడ్ మైక్రోస్కోప్‌లో చిన్న ముద్ద సిగ్నల్ చుట్టుపక్కల కణజాలంతో కలిసిపోతుంది. ఫోటోథర్మల్ పద్ధతి చూడండి. ఇన్‌ఫ్రారెడ్ తగిలి వేడెక్కిన చోటును కంటికి కనిపించే లేజర్‌తో చదువుతారు. అర మైక్రాన్ వివరం దొరుకుతుంది. ఇంకో దారి కూడా ఉంది. కొన్ని రంగుల వెలుగు ఒక్క డిగ్రీ వేడికి దాదాపు 1 శాతం తగ్గుతుంది, ఆ తగ్గుదలనే కొలుస్తారు. అప్పుడు రంగు ఉన్నచోటి నుంచే ఇన్‌ఫ్రారెడ్ సమాచారమూ వస్తుంది. పక్క సెక్షన్ ప్రశ్నే ఉండదు.

పాథాలజీ ల్యాబ్ అక్క: ఫ్రోజెన్ సెక్షన్ (గడ్డకట్టించి కోసింది) అయితే ఒప్పుకుంటా. మా బీరువాల్లో ఉన్నవన్నీ పారాఫిన్ బ్లాకులే, అంటే మైనంలో పొదిగిన కణజాలం. జైలీన్‌తో మైనం తీస్తే కొవ్వు కూడా పోతుంది కదా?

తిరుపతి పీహెచ్‌డీ: పోతుందక్కా, నిజమే. కొవ్వు గురించి ఆ బ్లాకులను అడగకూడదు. ప్రోటీన్ మడత గురించైతే అడగొచ్చు, కాకపోతే ఆ కణజాలాన్ని చెడకుండా ముందే ఫార్మలిన్‌లో పెట్టి ఉంటారు కాబట్టి, పోల్చే కంట్రోల్ కూడా ఫార్మలిన్‌లో పెట్టిందే ఉండాలి. మీ దగ్గర అలాంటి జత బ్లాకులుంటే చెప్పండి, ఎథిక్స్ అనుమతికి రాసుకుంటాను.