కరెంటు (రేడియేషన్) పెడితే గడ్డ ఇంకా మొండికేస్తుందా?

ల్యాబ్‌పిల్ల:
ఎల్లుండి సెమినార్ అండి, ఎమ్మెస్సీ బయోటెక్. టాపిక్ హెడ్ అండ్ నెక్ క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్, రేడియేషన్ రెసిస్టెన్స్. రేడియేషన్ కొట్టేది లోపలున్న డీఎన్ఏని కదా, మరి సెల్ పైపొర మీద కూర్చుని పెరగమనే కబురు అందుకునే ఈ ఈజీఎఫ్ఆర్ రిసెప్టర్‌కి దీంతో ఏం పని? సార్‌ని అడిగితే పేపర్లు చదువు అన్నారు, చదివాక ఉన్నది కూడా పోయింది 😭

బీమ్‌బాబాయ్:
తమాషా అంతా అక్కడే ఉందమ్మా. రేడియేషన్ ఇచ్చిన కొన్ని నిమిషాలకే, గ్రోత్ ఫ్యాక్టర్ ఏదీ వచ్చి తగలకపోయినా ఈజీఎఫ్ఆర్ ఆన్ అయిపోతుంది, వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రొటీన్లని గీతలుగా చూపించే టెస్టు) ఫాస్ఫో బ్యాండ్, అంటే ఆన్ అయిన రిసెప్టర్ గీత, ముదురుగా పడుతుంది చూడు, అదే. అక్కణ్ణుంచి సెల్ లోపలి ప్రొటీన్ల గుండా, పీఐ3కే, ఏకేటీ దారిలో చావొద్దని, రాస్, ఎర్క్ దారిలో పెరగమని కబుర్లు వెళ్తాయి. ఇంకోటి, ఈ రిసెప్టర్ కొంత న్యూక్లియస్‌లోకే వెళ్లి, తెగిన డీఎన్ఏ కొసల్ని అతికించే డీఎన్ఏ-పీకే అనే ఎంజైమ్‌కి సాయం చేస్తుంది. మనం కొట్టిన దెబ్బకే అది నిద్రలేస్తుందన్నమాట. మా దగ్గర మామూలుగా 35 సిట్టింగులు, రోజుకి 2 గ్రే (రేడియేషన్ డోసు కొలత), మొత్తం 70. నాలుగో వారం దాటాక మిగిలిన సెల్స్ స్పీడుగా పెరగడం మొదలెడతాయి, సరిగ్గా అప్పుడే నోరంతా పుండ్లు పడి, తల కదలకుండా వేసే మాస్కు బిగిస్తుంటే ఊపిరాడట్లేదు, వారం ఊరెళ్లొస్తాం సార్ అంటారు పాపం, పంపలేం.

రాత్రిడ్యూటీ:
అయితే రిసెప్టర్‌ని బ్లాక్ చేస్తే సరిపోతుందిగా అని అడుగుతారు నిన్ను, రెడీగా ఉండు. 2006లో బోనర్ ట్రయల్, 424 మంది, రేడియేషన్ ఒక్కటే ఇస్తే మీడియన్ సర్వైవల్ (సగం మంది బతికిన కాలం) 29.3 నెలలు, ఈ రిసెప్టర్‌ని బ్లాక్ చేసే మందు సెటుక్సిమాబ్ కలిపితే 49. అందరూ ఎగిరి గంతేశారు. తీరా రేడియేషన్, సిస్ప్లాటిన్ అనే కీమో మందు రెండూ ఇస్తూ పైన దీన్ని కలిపితే ఆర్‌టీఓజీ 0522 అనే ట్రయల్‌లో అదనంగా ఒరిగిందేం లేదు. హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వచ్చిన గొంతు క్యాన్సర్లలో సిస్ప్లాటిన్ తీసేసి దీన్ని పెడితే ఇంకా అధ్వాన్నం.

ల్యాబ్‌పిల్ల:
అదెలా అండి, తాళం వేశాక కూడా?

రాత్రిడ్యూటీ:
ముందు గుమ్మానికే వేశాం తాళం. మెట్ లాంటి ఇంకో రిసెప్టర్ అదే ఏకేటీని లేపగలదు, పీఐ3కేలోనే మ్యుటేషన్ ఉంటే పైనుంచి కబురు కూడా అక్కర్లేదు.

బీమ్‌బాబాయ్:
ఆక్సిజన్ సంగతి మర్చిపోకండి బాబూ, గడ్డ మధ్యలో ఆక్సిజన్ అందని సెల్‌ని చంపాలంటే రెండున్నర నుంచి మూడింతల డోసు కావాలి, సిగ్నలింగ్ ఒక్కదాని మీదే నెట్టేస్తే ఎలా. ల్యాబ్‌పిల్లా, బ్లాట్ బొమ్మ పెడితే కింద యాక్టిన్ బ్యాండ్ (అన్ని గీతల్లో ప్రొటీన్ సమానంగా వేశామని చూపేది) కూడా పెట్టు, లేదంటే మీ సార్ మొదట పట్టుకునేది దాన్నే.