ఆయిల్ ప్రెషర్ సెండరు మర ఏ రకానిదో తేల్చుకోవడం ఎలా?

పాతబండి_గుంటూరు
నా దగ్గర 1990ల నాటి జపాను ఇంజను కారు ఉంది. దానికి ఆయిల్ ప్రెషర్ గేజి, నీటి ఉష్ణోగ్రత గేజి బిగించదలిచాను. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన కిట్టులోని సెండరు (ఒత్తిడిని గేజికి తెలిపే సెన్సరు) మీద 1/8 ఎన్‌పీటీ, అంటే అమెరికా పైపు మర, అని ఉంది. బ్లాకులోంచి తీసిన పాత స్విచ్చు మీద మర గురించి ఏ గుర్తూ లేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే కంటికి తేడా తెలియడం లేదు. కొత్త సెండరు ఆ రంధ్రంలో చేత్తోనే రెండు మూడు చుట్లు తిరుగుతోంది. పాత స్విచ్చు మర ఏదో ఎలా గుర్తించాలి? నీటి సెన్సరు రంధ్రానికి కూడా అదే మర ఉంటుందా? రెండింటికీ తగిన అడాప్టరు ఎలాంటిది తీసుకోవాలి?

లేతు_ఆటోనగర్
ముందు ఆ సెండరును తిప్పడం ఆపండి. రెండు మూడు చుట్లు తేలిగ్గా ఎక్కిందంటే మర సరిపోయిందని అర్థం కాదు. జపాను ఇంజన్లలో ఆయిల్ స్విచ్చుకు సాధారణంగా పీటీ 1/8 ఉంటుంది, అంటే బ్రిటిషు కొన మర (మొన వైపు సన్నబడే పైపు మర), బీఎస్‌పీటీ. దానికి అంగుళానికి 28 మరలు, కోణం 55 డిగ్రీలు. మీ సెండరు ఎన్‌పీటీకి అంగుళానికి 27 మరలు, కోణం 60 డిగ్రీలు. అంటే ఒక మరకూ పక్క మరకూ మధ్య దూరం మొదటిదానిలో 0.907 మిల్లీమీటర్లు, రెండవదానిలో 0.941.

పాత స్విచ్చు మీద వరుసగా ఎనిమిది శిఖరాలు లెక్కపెట్టి, మొదటి శిఖరం నుంచి ఎనిమిదవ శిఖరం వరకు వెర్నియరుతో కొలవండి. 6.35 వస్తే బీఎస్‌పీ (బ్రిటిషు పైపు మర), 6.59 వస్తే ఎన్‌పీటీ, సరిగ్గా 7 వస్తే ఎం10×1, అంటే 10 మిల్లీమీటర్ల వ్యాసం, మరకు ఒక మిల్లీమీటరు దూరం ఉన్న మెట్రిక్ మర. ఆ పైన మొన దగ్గర ఒకసారి, తల దగ్గర ఒకసారి వ్యాసం చూడండి. కొన మర అయితే ప్రతి 16 మిల్లీమీటర్లకు ఒక మిల్లీమీటరు చొప్పున లావవుతుంది కనుక 8 మిల్లీమీటర్ల పొడవులో అర మిల్లీమీటరు తేడా కనిపించాలి. రెండు చోట్లా ఒకే కొలత వస్తే అది సమాంతర మర. దాని తల కింద వాషరు కూర్చునే చదునైన భాగం కూడా ఉంటుంది. 1/8 అన్న అంకె ఆధారంగా వ్యాసాన్ని వెతకకండి. ఆ మర బయటి వ్యాసం పది మిల్లీమీటర్లకు దగ్గరగా ఉంటుంది, అందుకే చాలామంది దాన్ని ఎం10 అనుకొని రంధ్రాన్ని పాడు చేస్తున్నారు.

పైపులైను_అనుభవజ్ఞుడు
ఇంత లెక్క అవసరం లేదు. నా జీవితమంతా పైపుల పనిలోనే గడిచింది. బ్రిటిషు ఫిట్టింగులో అమెరికా నిప్పిల్ బిగించి, టెఫ్లాన్ టేపు దండిగా చుట్టి, ఏ చుక్కా కారకుండా ఎన్నో భవనాలకు నీళ్ళిచ్చాను. 27కూ 28కీ ఒక్క మర తేడాను టేపు పూడ్చేస్తుంది.

లేతు_ఆటోనగర్
అయ్యా, మీరు చెప్పేది అర అంగుళం, ముప్పావు అంగుళం పైపుల సంగతి. ఆ రెండు సైజుల్లో బ్రిటిషు మరకూ అమెరికా మరకూ అంగుళానికి 14 మరలే కనుక అవి ఎంతో కొంత కలుస్తాయి. 1/8లో ఆ వీలు లేదు. పైగా చల్లని ఇంజను స్టార్టు చేసినప్పుడు ఆయిల్ ఒత్తిడి 5 బార్లు దాటవచ్చు. ఇంట్లో కుళాయి కారితే బకెట్టు పెట్టుకుంటారు. ఇక్కడ ఆయిల్ పోతే బేరింగులు పోతాయి. మీ మాట విని ఎవరైనా అల్యూమినియం హౌసింగులో ఇలా బిగిస్తే, కొన మర మేకులా చొచ్చుకుపోయి హౌసింగు చీలుతుంది. దయచేసి ఇటువంటి సలహా ఇవ్వకండి.

పైపులైను_అనుభవజ్ఞుడు
అనుభవం ఉన్నవారిని ఈ విధంగా మందలించడం మర్యాద కాదు. నేను ఇనుప బ్లాకు గురించి చెప్పాను, అల్యూమినియం గురించి కాదు.

కారు_కరెంటు_వరంగల్
మీరిద్దరూ అసలు ప్రమాదాన్ని వదిలేశారు. ఒకే వైరు ఉండే సెండరుకు దాని ఒళ్ళే ఎర్తు. టేపు దండిగా చుడితే బ్లాకుతో స్పర్శ తగ్గి, దారిలో రెసిస్టెన్సు పెరుగుతుంది. ఒత్తిడితో పాటు రెసిస్టెన్సు పెరిగే 10 నుంచి 180 ఓముల సెండరు అయితే గేజి అసలు ఒత్తిడి కన్నా ఎక్కువ చూపిస్తుంది, అంటే ఆయిల్ తక్కువైన రోజున కూడా అంతా బాగానే ఉందని నమ్మిస్తుంది. టేపు అసలు వాడకూడదు.

డెట్రాయిట్_తెలుగు
అసలు వాడకూడదనడం అతిశయోక్తి. కొన మర బిగిసేటప్పుడు శిఖరాలు టేపును చీల్చుకొని లోహానికి లోహం తగులుతుంది. అనుమానముంటే బిగించాక సెండరు ఒంటికీ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య మల్టీమీటరుతో కొలవండి. ఒక ఓముకు లోపు వస్తే భయం లేదు. నేను టేపు ఇష్టపడకపోవడానికి కారణం వేరు: దాని పీలికలు ఆయిల్ గ్యాలరీలోకి, అంటే బ్లాకులోని ఆయిల్ దారుల్లోకి, వెళతాయి. మొదటి మరను వదిలేసి, తరువాతి మరలకు ద్రవ సీలెంటు పలుచగా రాస్తే చాలు.

కారు_కరెంటు_వరంగల్
మీ దేశంలో ఇంజను మరా సెండరు మరా ఎన్‌పీటీయే కాబట్టి బాగా బిగుస్తుంది, ఎర్తు దొరుకుతుంది. ఇక్కడ సరిపోని మరలో టేపుతో ఆపిన సెండర్లు నా దగ్గరికి వస్తాయి. వాటిని కొలిచి చూసిన నేను ఊహించి చెబుతున్నానని అనుకోకండి.

డెట్రాయిట్_తెలుగు
ఊహ అని నేను అనలేదు. తప్పు మరలో ఎర్తు దొరకకపోతే ఆ నేరం తప్పు మరది, టేపుది కాదు. ఇక్కడి ఇంజన్లన్నీ ఒకటేనన్న మాట కూడా సరికాదు: 1/8తో పాటు అంగుళానికి 18 మరలుండే 1/4 ఎన్‌పీటీ కూడా కనిపిస్తుంది.

కొలతల_మాస్టారు
పాలిటెక్నిక్‌లో కొలతల శాస్త్రం బోధించే నేను ఈ చిక్కుకు మూలం చెప్పడం సముచితమనుకుంటున్నాను. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ 1841లో 55 డిగ్రీల మరను ప్రతిపాదించగా, విలియం సెల్లర్స్ 1864లో ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్ ముందు 60 డిగ్రీల మరను ఉంచారు. జపాను తన బోల్టులకు మెట్రిక్ మరను అనుసరిస్తూనే, పైపు మరలకు బ్రిటిషు కొలతలను నిలుపుకొంది. అందుకే ఒకే ఇంజనులో బోల్టులన్నీ మెట్రిక్‌గా ఉండి, ఆయిల్ స్విచ్చు ఒక్కటే అంగుళాల లెక్కలో వస్తుంది. పిచ్ గేజి (మరల మీద ఆనించి చూసే పళ్ళ ఆకుల సెట్టు) కొనేటప్పుడు 55 డిగ్రీల ఆకులున్న సెట్టును అడిగి తీసుకోండి. మెట్రిక్ సెట్టులో 28 ఉండదు.

బీఎస్6_బైకు
ఇక్కడ ఆక్సిజన్ సెన్సరు గురించి ఎవరూ మాట్లాడకపోవడం ఆశ్చర్యంగా ఉంది. కార్లలో అది సాధారణంగా ఎం18×1.5, చాలా మోటార్‌సైకిళ్ళలో ఎం12×1.25. మా ఊరి వర్కుషాపులో ఒకరు నా బైకు సైలెన్సరుకు ఎం12×1.5 ట్యాపు కొట్టి మరను నాశనం చేశారు. పాత మరను శుభ్రం చేయడానికి లోహాన్ని కోసే ట్యాపు కాదు, కోయకుండా మరను సరిచేసే చేజరు వాడాలన్న సంగతి కూడా వారికి తెలియదు.

డెట్రాయిట్_తెలుగు
ఆక్సిజన్ సెన్సరుకు టేపూ సీలెంటూ రెండూ పనికిరావు. కొత్తదానికి యాంటీసీజ్ (మర పట్టేయకుండా రాసే పేస్టు) సాధారణంగా రాసే ఉంటుంది. మీరు రాస్తే మరకు మాత్రమే రాయండి, మొనకు అంటనివ్వకండి.

పాతబండి_గుంటూరు
అందరికీ ధన్యవాదాలు. లేతు గారు చెప్పినట్టు కొలిచాను: ఎనిమిది శిఖరాల మధ్య 6.35 వచ్చింది, మొన కన్నా తల దగ్గర లావుగా ఉంది, 28 ఆకు వెలుతురు కనిపించకుండా కూర్చుంది. పీటీ 1/8 అని తేలింది. నీటి సెన్సరు గురించి మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.

లేతు_ఆటోనగర్
అదీ ఇదీ ఒకటేనని అనుకోకండి, దాన్ని కూడా విడిగా కొలవండి. ఎం12×1.5 తరచుగా కనిపిస్తుంది గానీ ఇంజనును బట్టి మారుతుంది. కంప్యూటరుకు సంకేతం పంపే సెన్సరును తీసి ఆ చోట గేజి సెండరు పెట్టవద్దు. రేడియేటరు పై గొట్టాన్ని కోసి మధ్యలో అడాప్టరు వేయండి. ఆయిల్ వైపు మాత్రం బయట బీఎస్‌పీటీ, లోపల ఎన్‌పీటీ ఉన్న అడాప్టరు కావాలి. దొరకకపోతే ఉక్కుతో లేతు మీద చేయించండి. బరువైన సెండరును ఇత్తడి టీ (T ఆకారపు ఫిట్టింగు) మీద వేలాడదీస్తే అదురుకు మెడ విరుగుతుంది. అటువంటి సెండరును బాడీకి క్లాంపు చేసి, చిన్న ప్రెషర్ గొట్టంతో కలపండి.

కారు_కరెంటు_వరంగల్
గొట్టం మధ్యలో పెట్టే అడాప్టరుకు రెండు వైపులా రబ్బరే కాబట్టి దానికి ఎర్తు అసలు ఉండదు. అడాప్టరు నుంచి బ్లాకుకు విడిగా వైరు లాగండి. ఇందులోనైనా డెట్రాయిట్ గారికి అభ్యంతరం లేదనుకుంటాను.

డెట్రాయిట్_తెలుగు
ఏ అభ్యంతరమూ లేదు. గొట్టంతో కలిపి బాడీకి బిగించిన ఆ ఆయిల్ సెండరుకు కూడా అదే విధంగా ఎర్తు వైరు వేయండి.