రోమియో జూలియట్ కథలో తప్పు విధిదా, పెద్దలదా?

నమస్కారం. నేను డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థినిని. వచ్చే వారం తరగతిలో ‘రోమియో అండ్ జూలియట్’ మీద పది నిమిషాలు మాట్లాడాలి. నాటకం మొదట్లోనే కోరస్ (కథను పరిచయం చేసే పాత్ర) ఆ ప్రేమికులిద్దరి గ్రహాలు కలిసిరాలేదని చెప్పేస్తుంది. అంతా విధి మీదకు నెట్టేసి చేతులు దులుపుకోవచ్చు. కానీ నాకు మనసొప్పడం లేదు.

ఐదో అంకం రెండో దృశ్యం చూడండి. జూలియట్ నిజంగా చనిపోలేదని, మందుతో నిద్రపోతోందని చెప్పే ఉత్తరాన్ని మాంటువా ఊళ్లో ఉన్న రోమియోకు తీసుకెళ్లాల్సిన సన్యాసి ఫ్రయర్ జాన్‌ను ప్లేగు అనుమానంతో ఒక ఇంట్లో పెట్టి తలుపులు మూసేశారు. ఉత్తరం వెరోనా దాటలేదు. సరే, ఇది విధే అనుకుందాం. మరి గురువారం అనుకున్న పెళ్లిని జూలియట్ తండ్రి ఉన్నపళంగా బుధవారానికి మార్చాడే, దాన్ని ఏమనాలి? పద్నాలుగేళ్లయినా నిండని పిల్ల! దాంతో ఆమె చనిపోయినట్లు కనిపించేలా చేసే ఆ నిద్రమందును ఒక రోజు ముందే తాగాల్సి వచ్చింది. ఆ ఒక్క రోజు మిగిలి ఉంటే మరో మనిషితోనైనా కబురు పంపేవారేమో.

నాకు అడ్డుపడుతున్నది ఒక్కటే. జూలియట్ బంధువు టిబాల్ట్‌ను చంపాక రోమియో తాను విధి చేతిలో వెర్రివాణ్ణయ్యానని అంటాడు (మూడో అంకం, మొదటి దృశ్యం). కత్తి దూసింది తనే కదా! ఈ మాటను నిజంగా నమ్మాలా, సాకుగా తీసుకోవాలా? పెద్దల తొందరపాటును చూపే సన్నివేశం ఇంకేదైనా గుర్తుంటే దయచేసి అంకం, దృశ్యం సంఖ్యలతో చెప్పండి.